కట్ సరిగ్గా పడకపోతే ముందు మ్యాట్ చూడండి

(టెక్సస్‌లో ఒక ఊరి లైబ్రరీ గదిలో, కుట్టుపని మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్ళ ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు కొన్ని వదిలేశాం.)

అందరికీ నమస్కారమండీ. మైకు వద్దులెండి, నా గొంతు పక్క గదిలోకి కూడా వినపడుతుందని మా ఇంట్లో అంటుంటారు. వెనకాల కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి, ఇది వినేదానికన్నా చూసేది ఎక్కువ.

ఈ బల్ల మీద ఉన్నది ఏమిటో చెప్పగలరా ఎవరైనా? ... చెరుకు రసం మిషనా! (నవ్వులు) నవ్వకండి, ఆవిడ సరిగ్గానే చెప్పారు. నేను ఎవరికి చెప్పినా అలాగే చెప్తాను. రెండు రోలర్లు, పక్కన పిడి, పిడి తిప్పితే ఇటు పెట్టింది నలిగి అటు వస్తుంది. తేడా ఏమిటంటే చెరుకు బదులు ఇందులో మూడు వస్తువులు ఒకదాని మీద ఒకటి పెట్టి పంపిస్తాం. అడుగున అచ్చు, అంటే బ్లేడ్లు బిగించిన పలక, దాని మీద బట్ట, బట్ట మీద ఈ ప్లాస్టిక్ పలక, దీన్ని మ్యాట్ అంటారు. అటు వచ్చేసరికి బట్ట అచ్చు ఆకారంలో ముక్కలుగా తెగి ఉంటుంది. అంతే మిషన్. కరెంటు లేదు, మోటారు లేదు, కంప్యూటరు లేదు. కరెంటుతో నడిచేవి కూడా ఉన్నాయి, మణికట్టు నొప్పి, కీళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు అవి కొనుక్కుంటారు, కానీ లోపల జరిగేది ఇదే. నా దగ్గరున్నది అక్యూక్విల్ట్ వాళ్ళ గో మిషన్, నెబ్రాస్కాలో ఒమాహా ఊరి కంపెనీ. సిజిక్స్ వాళ్ళవీ ఇలాంటివే. ఏ కంపెనీ కొనాలో చెప్పడానికి నేను రాలేదు. కొన్నాక ఎందుకు సరిగ్గా కట్ అవ్వట్లేదో చెప్పడానికి వచ్చాను, ఎందుకంటే ఈ గదిలోనే కనీసం నలుగురి ఇళ్ళల్లో ఈ మిషన్ అటక మీద ఉందని నాకు తెలుసు. పేర్లు చెప్పనులెండి.

మా అమ్మమ్మది తెనాలి పక్కన పల్లె. ఆవిడ బొంతలు కుడుతుంటే చూస్తూ పెరిగాను. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, చుట్టూ అంచు మడిచి, దబ్బనంతో ఆ కొస నుంచి ఈ కొసకి కుట్టుకుంటూ పోయేది. ఆ పనిలో కత్తెరకి పెద్ద పని లేదు. చిరిగిన చోట ఒక ముక్క వేసి కప్పేయడమే. అమెరికాలో క్విల్ట్ అంటే తిరకాసు వేరు. ఇక్కడ బట్ట కొంటారు, కొత్తది, గజం లెక్కన. కొన్నదాన్ని ముక్కలు చేస్తారు. ఆ ముక్కల్ని మళ్ళీ అతికిస్తారు. నేను మొదటి క్విల్ట్ వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ, "బాగున్న బట్టని చింపి మళ్ళీ కుట్టడం ఏమిటే, నీకేం తక్కువైంది" అంది. (నవ్వులు)

కానీ ముక్కలు చేసే ఈ పనిలో మన ఊళ్ళకీ ఒక పాత వాటా ఉందండీ. పద్దెనిమిదో శతాబ్దంలో మన మచిలీపట్నం వైపు నుంచి, మొత్తం కోరమండల్ తీరం నుంచి, పూల అద్దకం బట్టలు ఓడల్లో యూరప్‌కి, అక్కణ్ణుంచి అమెరికాకీ వెళ్ళేవి. వాళ్ళు చింట్జ్ అనేవాళ్ళు. ఖరీదైన బట్ట కదా, మొత్తం వాడితే అయిపోతుందని, అందులో పువ్వుల్ని, పిట్టల్ని ఒక్కొక్కటీ కత్తెరతో కత్తిరించి తెల్లబట్ట మీద అతికించి దుప్పట్లు చేసుకునేవాళ్ళు. ఒక్కో రెక్క చుట్టూ కత్తెర తిప్పడం, ఆలోచించండి. ఆ తర్వాత చాలా కాలం కత్తెరే. 1979లో ఓల్ఫా అనే జపాన్ కంపెనీ గుండ్రటి బ్లేడు ఉన్న రోటరీ కట్టర్ తెచ్చింది, పిజ్జా కోసే చక్రంలా ఉంటుంది, మీ అందరి దగ్గరా ఉంది. అది వచ్చాక స్కేలు పెట్టి గీత గీసినట్టు కట్ చేయడం సులువైంది. ఇంకా సులువు కావాలనుకున్నవాళ్ళు ఇదిగో ఈ అచ్చుల దాకా వచ్చారు.

ఈ అచ్చు చేతిలోకి తీసుకోండి, చుట్టూ తిప్పండి ఒకరి తర్వాత ఒకరు. వేలు లోపలికి నొక్కకండి! పైన కనపడేది ఫోమ్, గట్టి స్పాంజి. దాని మధ్యలో సన్నటి గాడిలా ఉందే, ఆ గాడిలో ఉక్కు బ్లేడు నిలబడి ఉంది, ఫోమ్ కన్నా కొంచెం కిందికి దాక్కుని. మనం ఇంట్లో చెక్కలకి పిండి ఒత్తి స్టీలు డబ్బా మూతతో గుండ్రంగా కోసుకుంటాం కదా, అదే పని. మూత పిండి మీద నొక్కుతాం, ఇక్కడ మూత కింద వెల్లకిలా ఉంది, దాని మీదికి బట్టని రోలర్ నొక్కుతుంది. నొక్కినప్పుడు ఫోమ్ అణిగి బ్లేడు బయటికి వస్తుంది, బట్ట తెగుతుంది, రోలర్ దాటగానే ఫోమ్ మళ్ళీ లేచి తెగిన ముక్కని పైకి తోసేస్తుంది. ఫోమ్ ఉన్నది మెత్తదనానికి కాదు, ముక్కని బయటికి తోయడానికి. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఒకావిడ ఫోమ్ దుమ్ము పట్టిందని పీకేశారు. ముక్కలన్నీ బ్లేడ్ల మధ్య ఇరుక్కుపోయాయి.

ఇప్పుడు అసలు విషయం. బ్లేడు బట్టని కోయాలంటే బట్టని దాటి కొంచెం ఇంకో దాంట్లోకి దిగాలి. కూరగాయ కోస్తే కత్తి పీటకి తగిలితేనే కదా ముక్క పూర్తిగా తెగేది. ఆ పీట మన మ్యాట్. కట్ చేసిన ప్రతిసారీ బ్లేడు దాంట్లోకి దిగి గీత పెడుతుంది. అదే మ్యాట్‌ని అదే చోట, అదే వైపు పది సార్లు పెడితే ఆ గీత గాడి అవుతుంది. గాడి పడ్డాక బ్లేడు దాంట్లోకి హాయిగా జారుకుంటుంది, బట్ట కూడా దాంతో పాటే గాడిలోకి మడత పడుతుంది, తెగదు. పోగులు మిగిలిపోతాయి. మనం ఏమనుకుంటాం? అచ్చు మొద్దుబారింది అనుకుంటాం.

నా కథే చెప్తాను. మొదటి ఏడాది, మా చెల్లెలి కూతురికి క్విల్ట్ మొదలుపెట్టాను. నాలుగంగుళాల గళ్ళు, ఒక్కో గడి రెండు రంగుల త్రికోణాలు, పన్నెండు అడ్డం, పదిహేను నిలువు. నూట ఎనభై గళ్ళు, అంటే 360 త్రికోణాలు. నా అచ్చులో రెండు త్రికోణాలు, ఆరు పొరలు పెడితే ఒకసారి తిప్పితే పన్నెండు, ముప్పై సార్లు తిప్పితే అయిపోవాలి. మధ్యాహ్నం మొదలుపెట్టి టీ టైముకి అయిపోతుందనుకున్నాను. పదిహేనో సారికి ఒక మూల తెగడం మానేసింది. మళ్ళీ తిప్పాను. రెండోసారి పంపేసరికి బట్ట వెంట్రుకవాసి జరిగింది, అంచు రెండు గీతలుగా తెగింది. అచ్చు పాడైందని తీర్మానించుకుని, ఇంకో అచ్చు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అది వచ్చింది. అదే మూల, అదే పోగులు! అప్పుడు కూడా బుర్ర పనిచేయలేదండీ, అమ్మినావిడ మోసం చేసిందనుకున్నాను. పాపం ఆవిడకి మెసేజ్ కూడా పెట్టాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడ ఒకే ప్రశ్న అడిగింది: "మ్యాట్ తిప్పి పెట్టి చూశారా?" తిప్పి పెట్టాను. తెగని మూల అటు చివరికి వెళ్ళిపోయింది.

అదే పరీక్ష. దీనికోసమే ఇవాళ వచ్చాను అనుకోండి. తెగనప్పుడు అచ్చు కదపకండి, మ్యాట్ ఒక్కటే అటు కొస ఇటు వచ్చేలా తిప్పి ఇంకో పాత బట్ట మీద కట్ చేయండి. తెగని చోటు మ్యాట్‌తో పాటు మారిందా, తప్పు మ్యాట్‌ది. మ్యాట్ ఎలా తిప్పినా అచ్చులో అదే చోట పోగు మిగులుతోందా, అప్పుడు బ్లేడుకి అక్కడ నొక్కు పడింది, అప్పుడు అచ్చు సంగతి ఆలోచించండి. నా అనుభవంలో చాలాసార్లు మ్యాటే. మ్యాట్ అరిగిపోయే వస్తువు, ప్రెషర్ కుక్కర్ రబ్బరు లాంటిది. అది అరిగిందని కుక్కర్ మార్చం కదా.

కాబట్టి ప్రతి కట్‌కీ మ్యాట్ తిప్పండి. నేను ఒకసారి కొస మారుస్తాను, తర్వాతసారి బోర్లిస్తాను, మళ్ళీ కొస, మళ్ళీ బోర్లా. మ్యాట్ మూలలో మార్కర్‌తో ఒక అంకె వేసుకున్నాను, నాలుగు మూలలకీ నాలుగు అంకెలు, రెండు వైపులా. ఇవాళ ఏ అంకె నా వైపుందో చూసుకుంటే లెక్క తప్పదు. తిప్పితే ఇంకో లాభం, వంకర తిరగదు. ఒకే వైపు పెడుతూ పోతే మ్యాట్ అప్పడంలా వంగిపోతుంది. వంగిన మ్యాట్‌ని ఇంకో వైపు తిప్పి రెండు మూడు కట్‌లు చేస్తే చాలావరకు దారికొస్తుంది.

ఇంకోటి, మ్యాట్ అచ్చులో ఉన్న బ్లేడ్లన్నిటినీ కప్పాలి. చిన్న మ్యాట్ పెట్టి పెద్ద అచ్చు పంపితే మ్యాట్ లేని చోట బ్లేడు నేరుగా రోలర్‌కి తగులుతుంది. రోలర్ మీద గాటు పడితే అది మ్యాట్ మార్చినంత తేలిక కాదు. తెగట్లేదని రెండు మ్యాట్‌లు పెట్టేవాళ్ళని కూడా చూశాను. మందం ఎక్కువై పిడి కదలదు, బలంగా తిప్పితే ఏదో ఒకటి విరుగుతుంది. ఒక కంపెనీ మ్యాట్ ఇంకో కంపెనీ మిషన్‌లో పెట్టడం కూడా అలాంటిదే, మందాలు వేరు, వాళ్ళ పుస్తకం చూడకుండా పెట్టకండి.

ఏమంటున్నారు? ... శబ్దం వస్తుందా అంటున్నారు. వస్తుందండీ, టక్ టక్ మంటుంది, కొత్త అచ్చు అయితే మరీ. వినండి. (మిషన్ తిప్పారు.) భయపడి ఆపేయకండి మధ్యలో. ఒకే వేగంతో అటు చివరికి పంపేయాలి. ఆపి మళ్ళీ మొదలుపెడితే బట్ట జరుగుతుంది.

ఇప్పుడు బట్ట సంగతి. ఇది చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఇదిగో గుండ్రటి అచ్చు. దీని మీద ఒకే బట్ట రెండు రకాలుగా పెట్టి ఇంట్లోనే రెండు వృత్తాలు కట్ చేసి తెచ్చాను. చేతికివ్వండమ్మా ముందు వరసకి. ఒకదాన్ని నిలువుగా సగానికి మడవండి, తర్వాత అడ్డంగా. రెండు మడతల పొడవూ సరిపోతోంది కదా. రెండోదాన్ని మడవండి. కోడిగుడ్డు! ఒకే అచ్చు, ఒకే మిషన్, ఒకే చేయి. మొదటిదాన్ని పడుగు, అంటే బట్ట పొడుగునా ఉండే పోగులు, రోలర్‌లోకి నిలువుగా పోయేలా పెట్టాను, రెండోదాన్ని పేక, అంటే అడ్డం పోగులు, అలా పోయేలా పెట్టాను. మగ్గం మీద పడుగు బిగించి ఉంటుంది, పేక అటూ ఇటూ తిరుగుతూ కొంచెం వదులుగా పడుతుంది, అందుకే బట్ట అడ్డం లాగితే సాగుతుంది, నిలువు లాగితే అంత సాగదు. రోలర్ బట్టని నొక్కుతూ ముందుకి తోస్తుంది. సాగే వైపు తోస్తే సాగిన స్థితిలో తెగుతుంది, బయటికి వచ్చాక ముడుచుకుంటుంది. అప్పుడు ముక్క కురచ.

ఎంత కురచ? అంగుళంలో పదహారో వంతు అనుకోండి, కంటికి ఆనదు. పన్నెండు ముక్కలు ఒక వరసలో కుడితే ముప్పావు అంగుళం తేడా. పక్క వరసని సరిగ్గా పెట్టిన బట్టతో చేశారా, ఇక ఆ రెండిటినీ కలపడానికి గుంజి గుంజి కుట్టాల్సిందే, క్విల్ట్ మధ్యలో ఉబ్బుతుంది.

మగ్గం మీదే పడిన అంచు ఉన్న బట్ట అయితే పడుగు ఏ వైపో చెప్పక్కర్లేదు, అంచుకి సమాంతరంగా పోయేదే పడుగు. డబ్బాలో మిగిలిన చిన్న ముక్కలకి అంచు ఉండదు కదా, అప్పుడు రెండు చేతులా పట్టుకుని ఠక్కున లాగండి. పడుగు వైపు లాగితే చిటికె వేసినట్టు ఖణీమని వినిపిస్తుంది, పేక వైపు మెత్తగా బొద్దుగా వస్తుంది. ఇలా ... వినపడిందా? మా పెద్దమ్మాయి దీన్ని వాద్యం అంటుంది.

ఐమూలగా మాత్రం ఎప్పుడూ పెట్టకండి, బ్లౌజ్ క్రాస్ కటింగ్ వేసినవాళ్ళకి తెలుసు ఐమూల ఎంత సాగుతుందో.

సాగకుండా ఇంకో మందు ఉంది, మనవాళ్ళందరికీ తెలిసిందే. గంజి! ఇక్కడ స్ప్రే డబ్బాలో అమ్ముతారు, స్టార్చ్ అని. బట్టని గంజి పెట్టి ఇస్త్రీ చేసి, కాగితంలా అయ్యాక కట్ చేస్తే కొస దాకా చక్కగా తెగుతుంది, పోగులు లేవవు. ఇంట్లో బియ్యం గంజి వాడినా పరవాలేదు, పల్చగా పెట్టండి, పెట్టిన బట్టని నెలల తరబడి అల్మారాలో ఉంచకండి, పురుగులు వస్తాయి. క్విల్ట్ అయిపోయాక ఒకసారి ఉతికేస్తే గంజి పోతుంది, మెత్తబడుతుంది.

పొరల సంగతి. మామూలు క్విల్టింగ్ కాటన్ ఆరు పొరల దాకా పెట్టచ్చు. నేను నాలుగుతో ఆగుతాను చిన్న చిన్న ఆకారాలకి. జీన్స్ లాంటి మందం బట్టలకి ఒకటి రెండు పొరలు చాలు. బట్టని అచ్చు అంత ముక్కలుగా చింపి ఒకదాని మీద ఒకటి పేర్చడం కన్నా, పొడుగ్గా ఒక పట్టీ కత్తిరించి విసనకర్రలా ఇటూ అటూ మడతలు పెట్టడం సుఖం. మడత కొసలు బ్లేడు బయట పడేలా చూసుకోవాలి. బ్లేడు ఆకారం కన్నా చుట్టూ పావంగుళం ఎక్కువుంటే సరిపోతుంది. మరీ పెద్ద బట్ట పెట్టి మిగతా అంతా చెత్తబుట్టలో వేసేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, గజం ఖరీదు ఎంతో మీకు తెలుసు. బ్లేడు ఎక్కడుందో ఫోమ్ మీద సరిగ్గా కనపడదు కాబట్టి, కొత్త అచ్చు రాగానే గాడి పొడుగునా నల్ల మార్కర్‌తో గీసుకోండి. నేను కొన్న మొదటి రోజే ఈ పని చేస్తాను. చీర కొన్నాక ఫాల్ వేసినట్టు.

త్రికోణాల గురించి ఒక్క మాట, ఎందుకంటే అచ్చు డబ్బులు తిరిగొచ్చేది నాకు అక్కడే. చేత్తో కట్ చేసేటప్పుడు కుట్టాక నాలుగంగుళాలు రావాలంటే ఎంత చదరం కట్ చేయాలి? నాలుగుకి ఏడు బై ఎనిమిది కలిపి, 4⅞ అంగుళాల చదరం కోసి ఐమూలగా రెండు ముక్కలు చేయాలి. ఈ ఏడు బై ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చిందని నేను చాలా రోజులు జుట్టు పీక్కున్నాను. కుట్టుకి అన్ని వైపులా పావంగుళం వదలాలి. చదరానికైతే రెండు వైపులా పావు పావు, మొత్తం అర. త్రికోణానికి ఏటవాలు అంచు కూడా ఉంది, దానికీ పావు వదిలితే మూల మొన సాగి ఇంకాస్త ముందుకి పోతుంది. అంతా కలిపి లెక్క వేస్తే 0.85 చిల్లర వస్తుంది, స్కేలు మీద దగ్గర గీత ఏడు బై ఎనిమిది. అంటే మొదటి నుంచే కొంచెం తప్పుతో మొదలుపెడుతున్నాం, తర్వాత సరిచేసుకుంటూ కత్తిరిస్తున్నాం. అచ్చులో ఆ గొడవ లేదు. పైగా ఈ మొనలు చూడండి, కత్తిరించి ఉన్నాయి. కుక్క చెవులు అంటారు ఇక్కడివాళ్ళు ఈ మొనల్ని. చేత్తో చేస్తే కుట్టాక ఒక్కో గడికి రెండు చెవులు కత్తిరించాలి, నూట ఎనభై గళ్ళకి మూడొందల అరవై చెవులు! అచ్చు ముందే కోసేసింది. కోసిన మొనలు ఒకదానికొకటి ఆనితే ముక్కలు సరిగ్గా కలిసినట్టే, గుండుసూది అక్కర్లేదు.

ఇంకా ఒక కిటుకు. ముదురు రంగు, లేత రంగు బట్టలు మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, జతలు జతలుగా పేర్చి కట్ చేయండి. బయటికి వచ్చేటప్పుడే జంటగా వస్తాయి. విడదీయకుండా నేరుగా కుట్టు మిషన్ కింద పెట్టి కుట్టేయడమే.

పువ్వులు, ఆకులు అతికించే పని ఉన్నవాళ్ళు, వెనకాల ఇస్త్రీతో అతుక్కునే జిగురు కాగితం ముందే అంటించి, కాగితం తీయకుండానే కట్ చేయండి. అంచు బ్లేడుతో గీసినట్టు వస్తుంది. కట్ అయ్యాకే కాగితం తీయాలి.

మన బట్టలు? ఆ, ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. పెడన కలంకారీ కాటన్ బాగా తెగుతుంది, కానీ ముందు ఉతకండి, రంగు వదులుతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది, తెల్లబట్ట పక్కన కుట్టాక తెలిస్తే ఏడవాలి. మంగళగిరి కాటన్‌కి గంజి కాస్త ఎక్కువ పెట్టాలి. పోచంపల్లి ఇకత్ కట్ చేసేటప్పుడు డిజైన్ గీతలు చూసి పెట్టుకోండి, గీత కొంచెం వంకరైనా కళ్ళకి కొడుతుంది. ఆరు పొరలు పెడితే పైది ఒక్కటే కనపడుతుంది కాబట్టి ఇకత్ నేను రెండు పొరలకి మించి పెట్టను. పట్టు జారుతుంది, వెనకాల పల్చటి ఫ్యూజింగ్, అంటే ఇస్త్రీతో అతుక్కునే అస్తరు, వేసి కాని పెట్టకండి. జరీ అంచు మాత్రం నేను అచ్చు మీద పెట్టను. జరీలో లోహపు తీగ ఉండచ్చు, బ్లేడుకి ఎందుకు ఆ శిక్ష. జరీ కత్తెరతో. మా అమ్మమ్మ చీర అంచులు అలాగే కత్తెరతో కత్తిరించి బోర్డరుగా వేశాను.

గుండుసూదులు! చెప్పడం మర్చిపోయాను. బట్టలో గుండుసూది ఉండగా పంపితే ఆ చోట బ్లేడు నొక్కు పడిపోతుంది, ఇందాక చెప్పిన అచ్చు తప్పు అప్పుడే వచ్చేది. పాత చొక్కాలతో చేసేవాళ్ళు గుండీలు, జిప్పులు చూసుకోండి. చేత్తో తడిమి చూడండి, కళ్ళు నమ్మద్దు.

ఇక శుభ్రం. పెద్దగా ఏం లేదు. కట్ చేసిన ప్రతిసారీ బ్లేడు పక్కన నూలు పీచు ఇరుక్కుంటుంది. అది పేరుకుంటే ఫోమ్ పైకి లేవదు, ముక్క బయటికి రాదు. బట్టల మీద వెంట్రుకలు తీసే జిగురు రోలర్ ఒకసారి దొర్లించండి, సందులో ఉన్నదాన్ని చీపురుపుల్లతో తీయండి. సూదితో, కత్తెర మొనతో తీయద్దు, బ్లేడుకి గాటు పెడుతుంది. మ్యాట్ మీద గీతల్లో కూడా పీచు దూరుతుంది, పాత ప్లాస్టిక్ కార్డుతో గీకితే వచ్చేస్తుంది. అచ్చుని నీళ్ళల్లో కడగకండి, అడుగున ఉన్నది చెక్క. రోలర్లు తడిగుడ్డతో తుడిస్తే చాలు. నూనె వద్దు. మా అత్తగారు వచ్చినప్పుడు నేను ఆఫీసుకి వెళ్ళిన టైములో పాపం మంచి మనసుతో కుట్టు మిషన్ నూనె తెచ్చి రోలర్లకి పట్టించారు, "కిర్రుమంటోందమ్మా, ఎన్నాళ్ళైంది నూనె వేసి" అని. ఆ తర్వాత కట్ చేసిన క్రీమ్ రంగు బట్ట మీద మరక ఇప్పటికీ మా గెస్ట్ రూమ్ మంచం మీద ఉంది. ఆవిడకి చెప్పలేదు, మీరూ చెప్పకండి. (నవ్వులు)

అచ్చుల్ని పుస్తకాల్లా నిలబెట్టి పెట్టుకోండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే ఫోమ్ అణిగిపోతుంది. వీపుమీద ఏ అచ్చో రాసుకుంటే వెతుక్కోవక్కర్లేదు. గరాజ్‌లో మాత్రం పెట్టకండి. టెక్సస్ ఆగస్టు వేడికి మ్యాట్‌లు వంకర తిరుగుతాయి, కారు డిక్కీలో వదిలేసినా అంతే. పిల్లలున్న ఇంట్లో పై అరలో.

ఆవిడ చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, చెప్పండక్కా. ... కంప్యూటర్‌తో గీసి కట్ చేసే మిషన్లు ఉన్నాయి కదా, క్రికట్, స్కాన్ అండ్ కట్, అవి మేలా ఇది మేలా అని అడుగుతున్నారు. రెండూ వేరే పనులండీ. వాటిలో బ్లేడు పెన్నులా తిరుగుతూ కోస్తుంది, మీరు గీసిన ఏ ఆకారమైనా వస్తుంది, మీ పాప పేరు కూడా. కానీ బట్టని జిగురు మ్యాట్ మీద అంటించి ఒక్కో పొరే కోయాలి. ఇందులో అచ్చు ఏదుంటే అదే వస్తుంది, ఇంకో ఆకారం కావాలంటే ఇంకో అచ్చు కొనాలి, కానీ ఒకే ఆకారం వందల కొద్దీ కావాలంటే దీని దగ్గర ఏదీ నిలవదు. ఏడాదికి ఒక్క క్విల్ట్, అదీ ప్రతిసారీ కొత్త డిజైన్ చేసేవాళ్ళకి నేను ఇది కొనమని చెప్పను. రోటరీ కట్టర్, మంచి స్కేలు చాలు. త్రికోణాలంటే భయపడేవాళ్ళకీ, మణికట్టు నొప్పులతో కట్టర్ పట్టుకోలేనివాళ్ళకీ, దానాలకి దుప్పట్లు వరసగా కుట్టేవాళ్ళకీ ఇది కొనుక్కోమంటాను. మొదట ఒక చదరం, ఒక త్రికోణం అచ్చు చాలు. గుర్రపు నాడా, తాబేలు, స్నోమ్యాన్ అచ్చులు చూసి ముచ్చటపడి కొన్నవాళ్ళం ఇక్కడ ఉన్నాం. నా స్నోమ్యాన్ ఒక్కసారి వాడాను. ఎవరికైనా కావాలంటే బయట కారులో ఉంది... అయ్యో, ఇప్పుడే కారులో పెట్టద్దని చెప్పాను కదా! (నవ్వులు)

సరే, మాటలు చాలు. అక్కడ బల్ల చివర గంజి పెట్టిన బట్ట పట్టీలు ఉన్నాయి, మడతలు మీరే పెట్టుకోండి, పడుగు ఏ వైపో లాగి చూసి. ఒక్కొక్కరూ వచ్చి ఒకసారి తిప్పండి, మీ నాలుగు త్రికోణాలు మీరు పట్టుకెళ్ళచ్చు. మ్యాట్ మూలలో అంకెలు రాసి ఉన్నాయి, మీ ముందు తిప్పినవాళ్ళు ఒకటి పెడితే మీరు రెండు పెట్టండి. ముందు ఎవరు వస్తారు? పిన్నిగారూ, మీరు రండి. ఆ, పిడి అలా కాదు, మీ వైపుకి.